ఫైరింజన్ గల్లీ చివర ఆగిపోయాక

యేసు ప్రభువు తన కాలంలో జరిగిన ఒక భవన ప్రమాదం గురించి మాట్లాడిన సందర్భం లూకా 13వ అధ్యాయంలో ఉంది. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. చనిపోయినవాళ్లు ఊళ్లో మిగతావాళ్లకంటే ఎక్కువ పాపం చేసినవాళ్లేమీ కాదని ఆయన తేల్చి చెప్పాడు. ఈ భాగం మీద మన సంఘాల్లో మారుమనస్సు గురించి ప్రసంగాలు వస్తూనే ఉంటాయి, రావాలి కూడా. గోపురం గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. దానికి ఎన్నాళ్లుగా పగుళ్లు కనిపిస్తున్నాయి, మరమ్మతు ఎవరి బాధ్యత, కూలిన నిమిషంలో రాళ్ల కింద చెయ్యి పెట్టి మనుషుల్ని లాగిందెవరు? ముంబైలో పరిచర్య చేసే తెలుగు కాపరికి ఈ ప్రశ్నలు రాకుండా ఉండవు. మా సిలోయములకు తేదీలున్నాయి మరి.

2013 సెప్టెంబర్ 27న మజ్‌గావ్ వైపు, బాబూ గేనూ మార్కెట్‌కు చెందిన మునిసిపల్ ఉద్యోగుల క్వార్టర్లు కూలి 61 మంది పోయారు. 2017 ఆగస్టు 31న భెండీ బజార్ దగ్గర హుస్సేనీ బిల్డింగ్‌లో 33 మంది. 2019 జులై 16న డోంగ్రీలో కేసర్‌బాయి బిల్డింగ్. సరిగ్గా ఏడాదికి, 2020 జులై 16న, ఫోర్ట్‌లో భానుశాలి బిల్డింగ్. అదే ఏడాది సెప్టెంబర్ 21 తెల్లవారుజామున భివండీలో జిలానీ బిల్డింగ్ కూలి దాదాపు 40 మంది నిద్రలోనే పోయారు. భివండీ తప్ప మిగతావన్నీ కామాఠీపురా నుంచి బస్సెక్కితే అరగంటలో చేరే చోట్లే.

డోంగ్రీ సంగతి మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. గల్లీ ఎంత ఇరుకంటే ఫైరింజన్లు, అంబులెన్సులు, జేసీబీలు లోపలికి పోలేకపోయాయి. జనమే వరసగా నిలబడి ఇటుకలు, దూలాలు, రేకులు చేతుల మీదుగా బయటికి అందించారు. దేశమంతా మెచ్చుకుంది. పత్రికలు ఎప్పటిలాగే 'ముంబై స్పిరిట్' అని రాశాయి. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. 2005 జులై 26న శాంతాక్రూజ్‌లో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వాన పడినప్పుడూ అదే అన్నారు. చాళ్లవాళ్లు రోడ్డు మీద నడిచి వచ్చేవాళ్లకు టీ, బిస్కెట్లు ఇచ్చారు, ఇళ్లల్లో పడుకోబెట్టారు. నిజమే, గొప్ప పనే. కానీ ఆ పొగడ్తతోనే లెక్క సరిపెట్టేసి, వాళ్ల చేతికి ఒక తాడు గానీ టార్చిలైటు గానీ ఇచ్చి ఎలా వాడాలో నేర్పాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

నేర్పకపోతే ఏమవుతుందో మెక్సికో నగరం చూసింది. 1985 సెప్టెంబర్ 19న అక్కడ పెద్ద భూకంపం వచ్చినప్పుడు ఏ శిక్షణా లేని మామూలు జనం దాదాపు 800 మందిని శిథిలాల కింద నుంచి బయటికి తీశారు. అలా తీయబోయి వందమందికి పైగా తామే చనిపోయారు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసిన లాస్ ఏంజెలెస్ అగ్నిమాపక శాఖ, జనం ఎలాగూ ఆగరు కాబట్టి పేటలవారీగా మనుషుల్ని తయారు చేయాలని నిర్ణయించుకుంది. ఆ పద్ధతే తర్వాత అమెరికా అంతటా, ఇతర దేశాలకూ పాకింది. 1995 జనవరిలో కోబే భూకంపంలో కూడా శిథిలాల నుంచి బయటపడినవాళ్లలో అత్యధికుల్ని తీసింది చుట్టుపక్కలవాళ్లే, యూనిఫాంవాళ్లు కాదు. మన దగ్గర ఎన్.డి.ఆర్.ఎఫ్. ఐదో బెటాలియన్ పుణె దగ్గర ఉంటుంది, ఒక బృందం అంధేరీలో ఉంటుంది. వాళ్లు సమర్థులు, సందేహం లేదు. కానీ వానలో అంధేరీ నుంచి కామాఠీపురా దాకా బండి రావడానికి ఎంతసేపు పడుతుందో ఆ దారిలో ఒకసారి టాక్సీ ఎక్కినవాళ్లకు చెప్పనక్కర్లేదు. దుమ్ములో ఊపిరాడని మనిషికి అంత గడువు ఉండదు.

కాబట్టి నా వాదన ఇది. కామాఠీపురా గల్లీల్లో, వర్లీ, నాయ్‌గావ్, ఎన్.ఎం. జోషీ మార్గ్‌లోని బీడీడీ చాళ్లలో, తెలుగువాళ్లు ఉండే ప్రతి పాత బిల్డింగ్‌లో ఆ మొదటి గంట కోసం తయారైన మనుషులు ఉండాలి. ఆ తయారీకి చొరవ తీసుకోవడం మన సంఘాల పరిచర్యలో భాగం కావాలి. ఆంధ్రలో తుఫాను వస్తే బియ్యం, దుప్పట్లు మూటలు కట్టి పంపడం మనకు బాగా వచ్చు. 1977 దివిసీమ ఉప్పెన నుంచీ ఆ అలవాటు ఉంది. మన నెత్తి మీది కప్పు గురించే ఆలోచన లేదు.

కామాఠీపురా అంటే చదువరుల్లో చాలామందికి ఒకటే గుర్తొస్తుంది. అసలు ఆ పేరే మనది. 18వ శతాబ్దం చివర హార్న్‌బీ వెల్లార్డ్ కట్టాక, సముద్రపు నీరు వచ్చిపోయే ఈ పల్లపు నేల ఆరడం మొదలైంది. దాన్ని పూడ్చి రోడ్లు వేసి మేడలు కట్టడానికి నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెల నుంచి కూలీలు వచ్చారు. వాళ్లే కామాఠీలు. బొంబాయి రాయి మీద రాయి పేర్చిన చేతులవి. వాళ్ల తర్వాత పాలమూరు నుంచి తట్టపని వాళ్లు, మిల్లుల్లోకి పద్మశాలీలు, మునిసిపాలిటీ సఫాయి పనిలోకి మాల మాదిగలు వచ్చారు. ఈ నగరం కట్టినవాళ్ల మనవళ్లు ఇవాళ ఈ నగరంలోని అతి బలహీనమైన ఇళ్లల్లో ఉంటున్నారు.

ఆ ఇళ్లు బాగుపడకపోవడానికి కారణం దేవుని ఉగ్రత కాదు, పగిడీ పద్ధతి. అద్దె నామమాత్రం, కాబట్టి యజమాని సున్నం కూడా వేయడు. అద్దెదారులు సెస్ కడతారు, మరమ్మతు బాధ్యత మ్హాడా బోర్డుది. బోర్డు ప్రతి ఏడూ వానలకు ముందు అతి ప్రమాదకర భవనాల జాబితా ప్రకటిస్తుంది, ఖాళీ చేయమంటుంది. ఖాళీ చేసి ట్రాన్సిట్ క్యాంపుకు వెళితే మళ్లీ తిరిగొస్తామా లేదా అన్న భయంతో జనం కదలరు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు, ట్రాన్సిట్ క్యాంపుల్లోనే పిల్లల పెళ్లిళ్లు చేసి మనవళ్లను ఎత్తుకున్నవాళ్లు ఉన్నారు. కామాఠీపురా మొత్తాన్ని ఒకేసారి తిరిగి కట్టే పథకం గురించి ఏళ్ల తరబడి మీటింగులు జరుగుతున్నాయి. కొత్త ఫ్లాట్ ఎన్ని చదరపు అడుగులు అన్న చర్చ టీ కొట్టు దగ్గర రోజూ నడుస్తుంది. ఆ ఫ్లాట్ వచ్చేదాకా ఈ మెట్లు నిలుస్తాయా అన్న చర్చ నడవదు. అంటించిన నోటీసు మరాఠీలో ఉంటుంది. పెద్దవాళ్లకు చదవడం రాదు. పిల్లలకు మరాఠీ వచ్చు గానీ నోటీసు చదివి తాతకు తెలుగులో చెప్పాలన్న తోపు ఉండదు. శిక్షణ పొందిన కార్యకర్త చేయాల్సిన మొదటి పని బహుశా ఇదే, సీ-1 అంటే ఖాళీ చేసి పడగొట్టాల్సిన భవనమని ఇంటింటికీ తెలుగులో చెప్పడం.

ఇక్కడ మా తోటి కార్యకర్తలే ఒక అభ్యంతరం చెబుతారు. ప్రభుత్వం చేయాల్సిన పని మనం నెత్తికెత్తుకుంటే ప్రభుత్వాన్ని తప్పించినట్టు కాదా? ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. ద్వితీయోపదేశకాండము 22:8 చూడండి. ఇల్లు కట్టినవాడు కప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలి, కట్టకపోతే పడిపోయినవాడి రక్తం ఆ ఇంటి మీద ఉంటుంది. కింద నిలబడి పడేవాణ్ని పట్టుకోమని పొరుగువాడికి ధర్మశాస్త్రం ఆజ్ఞాపించలేదు, బాధ్యత ఇంటివాడిది. ఆ బాధ్యత మ్హాడా మీద, మునిసిపల్ కార్పొరేషన్ మీద, యజమాని మీద అలాగే ఉండాలి. కానీ అనుభవంలో నేను చూసింది వేరు. పగుళ్లను నెలనెలా ఫోటో తీసి తేదీ వేసి వార్డ్ ఆఫీసులో రసీదు తీసుకునే మనుషులు ఉన్న బిల్డింగ్‌ను అధికారులు అంత తేలిగ్గా మర్చిపోలేరు. ప్రమాదం తర్వాత విచారణలో 'మాకు తెలియదు' అనడానికి వీలుండదు. తయారైన పొరుగువాడు సాక్షి కూడా అవుతాడు.

రెండో అభ్యంతరం సంఘం లోపలిది. ఇది సువార్త పనేనా, ప్రార్థన చాలదా అని. మంచి సమరయుని దగ్గర నూనె, ద్రాక్షారసం, కట్టు కట్టే గుడ్డ, సవారీ జంతువు, పూటకూళ్లవాడికి ఇవ్వడానికి దేనారాలు ఉన్నాయి. దారిలో ఎవరో దెబ్బలు తిని పడి ఉంటారని కలగని బయల్దేరలేదు గానీ, గాయం కనిపించాక ఏం చేయాలో అతనికి తెలుసు. యాజకుడికీ లేవీయుడికీ జాలి లేదని మనం తేల్చేస్తాం. వాళ్లకు చేతకాలేదేమో, చేతకానివాడు పక్కగా పోవడం రోజూ చూస్తున్నాం కదా అని నాకు ఒక్కోసారి అనిపిస్తుంది. వ్యాఖ్యానకర్తలు ఒప్పుకోకపోవచ్చు.

మరి ఏం నేర్పాలి? ఇది పెద్ద చదువేమీ కాదు. గోడ పగుల్లోకి నిన్న పట్టని వేలు ఇవాళ పడుతుంటే, తలుపు ఉన్నట్టుండి చట్రంలో బిగుసుకుంటుంటే, రాత్రి పెచ్చులు, మట్టి రాలుతుంటే అందర్నీ దించేయాలి, తెల్లారనివ్వకూడదు. కూలాక మొదట గ్యాస్ కట్టాలి, కరెంటు తీయించాలి. మా చాళ్లలో మీటర్లన్నీ చెక్కమెట్ల కిందే ఉంటాయి, నిప్పు పుట్టేదీ అక్కడే, దిగి పారిపోయే దారీ అదే. శిథిలాల మీదికి యాభైమంది ఎక్కితే కింద ఖాళీలో ఊపిరి పీలుస్తున్నవాడి మీద ఆ బరువంతా పడుతుంది. అందుకే పదిమంది లోపల, మిగతావాళ్లు బయట వరసలో. కొన్ని నిమిషాలకోసారి ఈల వేసి అందరూ నోరు మూసుకుని వినాలి. లోపలివాడు అరవలేకపోవచ్చు, గోడ మీద తడతాడు. గట్టిగా ఏడ్చేవాడికి ఊపిరి ఆడుతోందని అర్థం, చప్పుడు లేకుండా పడి ఉన్నవాడి దగ్గరికి ముందు వెళ్లాలి. జనం ఎప్పుడూ అరిచేవాడి చుట్టూ మూగుతారు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టాలి, మాటిమాటికీ తీసి చూడకూడదు. కాలితే ఇరవై నిమిషాలు మామూలు నీళ్లు పోయాలి, టూత్‌పేస్టూ సిరా పూయకూడదు. ఎవరో ఒకరు గల్లీ మొదట్లో నిలబడి తోపుడుబండ్లు, స్కూటర్లు పక్కకు తీయించాలి. ఇంకొకరు నాయర్ ఆసుపత్రికి ఎవరిని తీసుకెళ్లారు, జే.జే.కి ఎవరిని తీసుకెళ్లారు రాసుకోవాలి. ఈ చివరి పని ఎవరూ చేయరు, అందుకే తల్లులు రాత్రంతా రెండు ఆసుపత్రుల మధ్య తిరుగుతుంటారు.

వానల్లో చేయకూడని పని కూడా నేర్పాలి. 2017 ఆగస్టు 29 వరదలో ప్రభాదేవి దగ్గర ఒక పేరున్న వైద్యుడు నీళ్లలో నడుస్తూ తెరిచి ఉన్న మ్యాన్‌హోల్‌లో పడి చనిపోయాడు. నీరు త్వరగా పోవాలని ఆ మూత తీసింది స్థానికులేనని పోలీసులు చెప్పారు. వాళ్లకు చెడు ఉద్దేశం ఏముంటుంది? మూత తీస్తే పక్కన కర్రకు ఎర్ర గుడ్డ కట్టి ఒక మనిషి నిలబడి ఉండాలని చెప్పినవాళ్లు లేరు. అసలు ఆ మూత ముట్టకుండా 1916కు ఫోన్ చేయాలని చెప్పినవాళ్లూ లేరు. అన్నిటికంటే ముఖ్యంగా, మ్యాన్‌హోల్‌లో పడినవాణ్ని తీయడానికి ఎవరూ లోపలికి దిగకూడదు. లోపలి విషవాయువు మొదటివాణ్ని చంపాక రెండోవాణ్నీ, వాణ్ని తీయడానికి దిగిన మూడోవాణ్నీ చంపుతుంది. సఫాయి కుటుంబాల్లో పుట్టిన మనవాళ్లకు ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. అయినా ఆపదలో 'నీకు అలవాటే కదా, దిగు' అని వాళ్లనే అంటారు. 2004 సునామీలో నాగపట్నం తీరంలో శవాలు తీసే పనికి ఎవరిని తెచ్చారు? పక్క మునిసిపాలిటీల సఫాయి కార్మికుల్ని. సహాయ శిబిరాల్లో దళితుల్ని పక్కన పెట్టిన సంగతులు కూడా అప్పుడే నమోదయ్యాయి. 2005 విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షన్ సహాయంలో కులం, మతం, లింగం చూడకూడదంటుంది. మా శిక్షణలో ఆ సెక్షన్‌ను కట్టు కట్టడం నేర్పినంత శ్రద్ధగా నేర్పాలి. ఏ పని ఎవరిదో కులం చూసి పంచడం అక్కడితో ఆగాలి.

ఎవరికి నేర్పాలన్నది దీనికంటే కష్టమైన ప్రశ్న. సంఘం పెద్దల్ని అడిగితే యవ్వనస్థుల కూటమి నుంచి పదిమంది మగపిల్లల పేర్లు ఇస్తారు. వాళ్లకు టీషర్టులు కుట్టిస్తారు, ఫోటో దిగుతారు. పగలు పదకొండు గంటలకు బిల్డింగ్‌కు నిప్పంటుకుంటే ఆ పదిమందిలో ఒక్కడు కూడా గల్లీలో ఉండడు, అందరూ పనిలో ఉంటారు. ఉండేది ఆడవాళ్లు, ముసలివాళ్లు, రాత్రి పని చేసి పగలు పడుకునేవాళ్లు. బంగ్లాదేశ్ ఈ సంగతి చాలా ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకుంది. 1970 తుఫానులో అక్కడ 3 లక్షల మందికి పైగా పోయారు. తర్వాత ఊరూరా వాలంటీర్ల దళాలు కట్టారు. అయినా 1991 తుఫానులో 1,38,000 మంది చనిపోయినప్పుడు మృతుల్లో ఆడవాళ్లే బాగా ఎక్కువని తేలింది. ఇవాళ ఆ దళాల్లో దాదాపు 76,000 మంది ఉంటే అందులో సగం స్త్రీలు. 2020లో అంఫాన్ తుఫానుకు బంగ్లాదేశ్‌లో చనిపోయినవాళ్లు పాతికమంది పైచిలుకు. ఆశ్రయ భవనాలు, వాతావరణ హెచ్చరికలు కూడా ఇందుకు కారణమే. కానీ హెచ్చరికను గుమ్మం దాకా మోసుకెళ్లిన గొంతు ఆ ఊరి మనిషిదే.

కామాఠీపురాలో గుమ్మం దాకా అంటే ఏ గుమ్మమో కూడా చెప్పాలి. రాయలసీమ నుంచి, తెలంగాణ నుంచి, కోస్తా నుంచి మోసపోయి వచ్చిన మన ఆడబిడ్డలు ఇక్కడి గదుల్లో ఉన్నారు. ఒక గదిని చెక్కలతో నాలుగు చేసి, పైన ఇంకో అటక వేసి, కిటికీకి ఇనుప చువ్వలు బిగించిన ఇళ్లవి. మంట వస్తే అందరికంటే ముందు పొగ నిండేది అక్కడే, అందరికంటే చివర తలుపు తెరుచుకునేదీ అక్కడే. వాళ్ల పేర్లు అద్దె చీటీల్లో ఉండవు. కూలిన బిల్డింగ్ కింద ఎంతమంది ఉన్నారని అధికారి అడిగితే వాళ్లు లెక్కలోకి రారు. హిజ్రాల సంగతీ అంతే. వీళ్లను రక్షించాల్సినవాళ్లుగా మాత్రమే చూడటం మన అలవాటు. కానీ ఆ మెట్లు, ఆ గడియలు, ఏ అటకలో ఎవరు పడుకుంటారో వాళ్లకు తెలిసినంతగా ఏ ఫైర్ ఆఫీసర్‌కూ తెలియదు. శిక్షణ తరగతిలో విశ్వాసుల పక్కన వాళ్లు కూర్చోవాలి. కొన్ని సంఘాల్లో దీనికి ముఖాలు ముడుచుకుంటాయి, నాకు తెలుసు. ముడుచుకోనివ్వండి.

లెక్క విషయంలో ఒక జాగ్రత్త. ప్రతి బిల్డింగ్‌కూ ఎవరెక్కడ పడుకుంటారో ఒక పుస్తకం ఉండాలని శిక్షకులు చెబుతారు. కామాఠీపురాలో అలాంటి పుస్తకం కోసం బిల్డర్ల మనుషులు డబ్బిస్తారు, పోలీసులు అడుగుతారు, ఆడపిల్లల్ని అమ్మేవాళ్లూ వెతుకుతారు. కాబట్టి పేర్లు వద్దు. 'మూడో అంతస్తు, ఏడో ఖోలీ, రాత్రి తొమ్మిదిమంది, ఒక పసిబిడ్డ, ఒకరు నడవలేరు' అని రాస్తే చాలు. ఆ కాగితం చర్చి ఆఫీసులో కాదు, ఆ బిల్డింగ్ ఆడవాళ్లలో ఇద్దరి దగ్గరే ఉండాలి. 1896లో ప్లేగు వచ్చినప్పుడు తెల్ల అధికారులు సైనికులతో ఇళ్లు సోదా చేస్తే జనం రోగుల్ని దాచారు, వేలకు వేలు నగరం వదిలి పారిపోయారు. నమ్మకం లేని చోట జాబితా పట్టుకుని వచ్చేవాణ్ని చూస్తే తలుపులు మూసుకుంటాయి.

నమ్మకం ముందుగా కట్టుకుంటే ఏమవుతుందో చెప్పడానికి మన భివండీనే ఉంది. మగ్గాల కోసం వెళ్లిన తెలుగు పద్మశాలీలు వేలమంది ఉండే ఊరది. 1984లో ఘోరమైన మత ఘర్షణలు చూసింది. తర్వాత డీసీపీగా వచ్చిన సురేశ్ ఖోపడే 1988 నుంచి పేటపేటకూ హిందువులు, ముస్లింలు కలిసి కూర్చునే మొహల్లా కమిటీలు పెట్టించారు. నీళ్ల గొడవ, కుళాయి గొడవ, చిన్న తగాదాలు అక్కడే తీర్చుకునేవారు. 1992 డిసెంబర్‌లో, 93 జనవరిలో ముంబై తగలబడుతుంటే భివండీ ప్రశాంతంగా ఉంది. కొట్లాటకూ బిల్డింగ్ కూలడానికీ సంబంధమేమిటంటారేమో. ఆపద రోజున ఒకరి మాట ఒకరు వింటారా లేదా అన్నది మామూలు రోజుల్లో తేలిపోతుంది, సంబంధం అదే. అందుకే మన వాలంటీర్ల బృందం మన సంఘం పేరుతో ఉండకూడదని నా అభిప్రాయం. గణేశ్ మండల్‌వాళ్లు, మసీదు కుర్రాళ్లు, బౌద్ధ విహారంవాళ్లు అందరూ ఉండాలి. ఇంకో మాట, దహీ హండీ గోవిందా పథకాలు. ఎత్తుకు ఎక్కడం, బరువు మోయడం, పడిపోయేవాణ్ని కింద పట్టుకోవడం, ఒక్క ఈలకు అందరూ ఆగడం గోకులాష్టమికి వారాల ముందు నుంచీ సాధన చేసే కుర్రాళ్లు ప్రతి చాల్‌లోనూ ఉన్నారు. అంతటి తయారీ మన యూత్ రిట్రీట్లలో దొరకదు. వాళ్లకు కావలసింది ప్రథమ చికిత్స, హెల్మెట్లు, మనతో స్నేహం.

నేర్పేవాళ్లకు కొరత లేదు. పరేల్‌లో మునిసిపల్ కార్పొరేషన్ విపత్తు నిర్వహణ శిక్షణ సంస్థ ఉంది. కేంద్రం 2016లో 'ఆపదా మిత్ర' పథకం మొదలుపెట్టి, 2021లో దాన్ని 350 జిల్లాలకు, లక్షమంది వాలంటీర్లకు విస్తరించింది. సివిల్ డిఫెన్స్ ఉంది. దేశంలో హోంగార్డ్స్ పుట్టిందే 1946 డిసెంబర్‌లో ఈ బొంబాయిలో. మన పక్కనే భాయ్‌ఖళాలో ఫైర్ బ్రిగేడ్ ప్రధాన కార్యాలయం. 1944 ఏప్రిల్ 14న విక్టోరియా డాక్‌లో మందుగుండు ఓడ పేలినప్పుడు చనిపోయిన 66 మంది అగ్నిమాపక సిబ్బందిని తలచుకుని దేశమంతా ఏటా ఆ వారం అగ్నిమాపక వారోత్సవాలు చేస్తుంది. ఆ వారంలో అడిగితే వాళ్లే వచ్చి గల్లీలో ప్రదర్శన ఇస్తారు.

చిక్కు ఎక్కడంటే, ఆపదా మిత్ర శిక్షణ 12 రోజులు. నాకా మీద నిలబడి పని వెతుక్కునే మేస్త్రీకి, నాలుగిళ్లలో పాచిపని చేసే తల్లికి 12 రోజులు పని మానడమంటే ఆ నెల బడి ఫీజు పోవడం. అందుకే ఎంపికయ్యేది ఉద్యోగమో, చదువో, రాజకీయ పార్టీ అండో ఉన్నవాళ్లు. ఇక్కడే మన కానుకల పెట్టె పనికొస్తుంది. స్పీకర్లకూ స్టేజీ డెకరేషన్‌కూ ఖర్చు పెట్టే సంఘాలు ఒక్కో బిల్డింగ్ నుంచి ఇద్దరికి, అందులో ఒకరు స్త్రీ, ఆ 12 రోజుల కూలీ ఇవ్వగలవు. ఆ ఇద్దరూ తిరిగొచ్చి మిగతావాళ్లకు ఆదివారం మధ్యాహ్నాలు తెలుగులో, హిందీలో నేర్పుతారు. నెహెమ్యా 3వ అధ్యాయంలో యెరూషలేము గోడ బాగుచేసినవాళ్ల జాబితా ఉంది. చాలామంది తమ ఇంటి ఎదుటి గోడనే కట్టారు. కంసాలివాళ్లు, వర్తకులు, ఒక అధికారి కూతుళ్లు కూడా అందులో ఉన్నారు. తెకోవీయుల ఘనులు మాత్రం మెడ వంచలేదని గ్రంథకర్త పేరు పెట్టి మరీ రాశాడు.

బీడీడీ చాళ్లవాళ్లకు ఒక మాట. 1920లలో కట్టిన 160 చదరపు అడుగుల ఖోలీల నుంచి మీరు బయటపడుతున్నారు, సంతోషం. 2025 ఆగస్టులో వర్లీలో 556 కుటుంబాలకు కొత్త ఇళ్ల తాళాలు అందాయి. నలభై అంతస్తుల మేడలు. చాల్‌లో గ్యాలరీ ఒక్కటే కాబట్టి ఎవరింట్లో పొగ వచ్చినా అందరికీ తెలిసేది, ఎవరి తల్లి లేవలేదో పొద్దున్నే తెలిసిపోయేది. మూసిన తలుపుల లిఫ్టు మేడలో అలా తెలియదు. మంట వస్తే లిఫ్టు ఎక్కకూడదని, మెట్ల తలుపులు మూసి ఉంచాలని, ఆ మెట్ల మీద పాత సామాను పెట్టకూడదని, ఇరవై తొమ్మిదో అంతస్తులో నడవలేని అవ్వను ఎవరు దించుతారో ముందే తేల్చుకోవాలని మొదటి నెలలోనే నేర్చుకోండి. గృహప్రవేశ ప్రార్థనకు పిలిచినప్పుడు కాపరులు ఇది అడగాలి.

వానలు మామూలుగా జూన్ రెండో వారంలో వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిది ఆదివారాలుంటాయి. ఆరాధన అయ్యాక రెండు గంటలు హాలు తెరిచి ఉంచితే చాలు. మన హాళ్లు కూడా చాలావరకు పాత బిల్డింగుల పై అంతస్తుల్లోనే ఉన్నాయి. ఒకటే మెట్లదారి, కింద గ్రిల్లుకు తాళం, ఆ తాళంచెవి ఒక్క పెద్దమనిషి జేబులో, లోపల నూట యాభైమంది. కాబట్టి మొదటి తరగతి మన హాలు మీదే జరగాలి. ముసలివాళ్లు, పిల్లలతో సహా అందరూ వీధిలోకి రావడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూడండి. తాళంచెవులు నలుగురి దగ్గర ఉంచండి. తలుపు లోపలికి తెరుచుకునేదైతే ఆ వారమే బయటికి తెరుచుకునేలా మార్పించండి. మన సంఘాల్లో మేస్త్రీలకు, వడ్రంగులకు ఎప్పుడూ కొదవ లేదు.